ఒకటో తరగతి వాచకం: మన విమర్శ చూడని సాహిత్యం

తెలుగులో అందరికంటె ఎక్కువమంది చదివే పుస్తకం ఒకటో తరగతి వాచకం. మన కథలు వేలమంది చదువుతారనుకుందాం, మన కవితలు వందలమంది చదువుతారనుకుందాం. ఈ వాచకాన్ని మాత్రం ఏటా లక్షల సంఖ్యలో పిల్లలు పేజీ పేజీ తిప్పి, గొంతెత్తి చదివి, పలకమీద దిద్ది మరీ నేర్చుకుంటారు. మనిషి తన జీవితంలో మరే పుస్తకాన్నీ అంత శ్రద్ధగా చదవడు. అయినా మన సాహిత్య విమర్శ దాని జోలికి పోదు. దాన్ని విద్యాశాఖ వ్యవహారంగా వదిలేసి, అందులోంచి గట్టెక్కి వచ్చిన పాఠకుడి కోసం పత్రికలు నడుపుకొంటున్నాం. పాఠకులు తగ్గిపోతున్నారని విచారిస్తున్నాం. ఆ పాఠకుడు తయారయ్యే చోటు ఎలా వున్నదో మాత్రం చూడడం లేదు.

ఈ వ్యాసం ఆ చోటు గురించి. ఉదాహరణకు విజయనగరం జిల్లా కొత్తవలసను తీసుకుంటున్నాను. హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం మీద వున్న జంక్షను అది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన కిరండోల్ రైలుమార్గం అక్కడే విడిపోతుంది. ఒకవైపు మామిడి, జీడి తోటలూ, మెట్ట సేద్యమూ. మరొకవైపు ఫ్యాక్టరీలూ, విశాఖ నగరపు కూలి పనులూ. పల్లెకూ పట్నానికీ మధ్య నిలబడ్డ ఇలాంటి ఊళ్లు ఉత్తరాంధ్రలో చాలా వున్నాయి. కొత్తవలసకు మరో ప్రత్యేకత కూడా వుంది. గురజాడ అప్పారావు బతికి రాసిన విజయనగరం అక్కడికి రైలు మీద గంటలోపు దూరం. పాఠశాలలోకి వాడుక భాషను తీసుకురావాలనే పోరాటం పుట్టింది ఈ ప్రాంతంలోనే. ఆ పోరాటం ఫలితం ఈ ఊరి పిల్లలదాకా ఎంతవరకు చేరిందని అడగడం న్యాయమే.

ఒకటి, రెండు తరగతుల పిల్లలు తెలుగు గంటలో నేర్చుకొనేవి మూడు. మొదటిది అక్షరాలు. రెండవది, ఏది మంచి భాష, ఏది కాదు అన్న తీర్పు. మూడవది, ఆ తీర్పులో తమ ఇల్లు ఎటువైపు వున్నదన్న ఎరుక. మొదటిదే పాఠ్యప్రణాళికలో వుంటుంది. తక్కిన రెండూ ఎవరూ రాయని ప్రణాళికలోవి. పిల్లలు వాటినే త్వరగా నేర్చుకుంటారు; అవి అడ్డం పడటం వల్ల మొదటిది ఆలస్యమవుతుంది.

అక్షరం నేర్వడమంటే ఏమిటి?

చదవడం వచ్చినవాళ్లం కాబట్టి అది ఎంత పెద్ద పనో మనం మరిచిపోయాం. ఇంగ్లీషు చదివే పిల్లవాడు 26 అక్షరాల రూపాలు నేర్చుకొని, ఆ తర్వాత స్పెల్లింగులతో యాతన పడతాడు. తెలుగు పిల్లవాడికి యాతన ముందే ఎదురవుతుంది. హల్లుల్ని 35గా లెక్కవేసుకున్నా, ఒక్కొక్క హల్లుకు 16 గుణింతాల చొప్పున 560 రూపాలు. వీటికి ఒత్తులు అదనం. ఆ ఒత్తుల్లో త, న, మ, య, ర, ల ఒత్తులకు వాటి అసలు అక్షరంతో పోలికే లేదు. ప, వ, ఘ, మ, య వంటి అక్షరాల మధ్య తేడా చిన్న గీత, చిన్న వంపు మాత్రమే. ఐదేళ్ల కంటికి అది ఏమంత తేలిక కాదు.

అయితే తెలుగు లిపిలో ఒక గొప్ప సౌకర్యం వుంది. రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం. కాబట్టి రూపాలు ఎన్ని వున్నా, అవి పట్టుబడ్డాక తెలుగు పిల్లవాడు ఏ మాటనైనా చదవగలగాలి. కన్నడ లిపి స్వభావం కూడా ఇదే. కన్నడ పిల్లలు అక్షరాలు నేర్చే వేగాన్ని పరిశీలించి సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, ఈ పని ఒకటి రెండు తరగతుల్లో ముగిసేది కాదనీ, తర్వాతి తరగతుల్లోకి కూడా సాగుతుందనీ చూపింది. అంటే తెలుగు పిల్లవాడికి కాలం ఎక్కువ కావాలి, సాధన ఎక్కువ కావాలి, తడబడినప్పుడు ఓపిక పట్టే మనిషి కావాలి.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన మరో విషయం వుంది. పిల్లవాడు 'ప', 'ల', 'క' అని కూడబలుక్కొని, ఒక్క క్షణం ఆగి, "పలక!" అంటాడు. ఆ క్షణంలో జరిగిందేమిటి? అక్షరాలు కలిపి తను చేసిన శబ్దానికి తన చెవిలో అప్పటికే వున్న ఒక మాట జవాబిచ్చింది. చదువు రావడమంటే ఆ జవాబు రావడం. చెవిలో లేని మాటను ఎన్నిసార్లు కూడబలుక్కున్నా లోపలినుంచి ఎవరూ పలకరు. అప్పుడు పిల్లవాడు రెండే పనులు చెయ్యగలడు: బట్టీ పట్టడం, లేదా ఊరుకోవడం.

ఈ ఊరుకున్న పిల్లల సంఖ్య చిన్నది కాదు. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లో జరిగే అసర్ సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. కోవిడ్ కాలంలో బడులు మూతపడటం ఈ పతనానికి పెద్ద కారణమే. కాని బడులు సజావుగా నడిచిన 2018లో కూడా నూటికి డెబ్భయి ఏడుగురు చదవలేకపోయారు. దానికి కోవిడ్‌ను తప్పుపట్టలేం.

అక్షరాల పటంలో రాజదర్బారు

తెలుగుబడి గోడమీద వుండే అక్షరాల పటాన్ని ఒకసారి విమర్శకుడి కన్నుతో చూడండి. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఇ అంటే ఇల్లు, ఈ అంటే ఈగ, ఉ అంటే ఉడుత. ఇంతవరకు పిల్లవాడు తన ఇంట్లోనే వున్నాడు. ఋ దగ్గర హఠాత్తుగా ఋషి ప్రత్యక్షమవుతాడు. ఐ దగ్గర ఐరావతం వస్తుంది. హల్లుల్లో దిగేసరికి ఖడ్గం, గద, ఛత్రం, ఢంకా, ధనుస్సు, భటుడు, రథం వరసకడతాయి. అమ్మతో మొదలైన పటం చూస్తూండగానే రాజదర్బారుగా మారిపోతుంది.

పటం వేసినవాడికి రాజులమీద భక్తి వుండి ఇలా జరిగిందని అనుకోనక్కరలేదు. కారణం అక్షరాల్లోనే వుంది. ఖ, ఘ, ఛ, ఝ, ఢ, ధ, భ వంటి మహాప్రాణాలూ, ఋకారమూ, శ, ష లలో చాలా భాగమూ తెలుగులోకి సంస్కృత పదాలతో వచ్చినవి. వాటికి బొమ్మ వెతికితే ఆ పదాలు పుట్టి పెరిగిన లోకమే దొరుకుతుంది: యాగశాల, దర్బారు, యుద్ధభూమి. చేట, తట్ట, గంప, గోగు, మంచె, పార, నాగలి రాయడానికి మహాప్రాణాలు అక్కరలేదు. తెలుగు శ్రమజీవి తన పనిముట్లన్నిటికీ పేర్లు పెట్టుకోవడానికి వాడుకొన్న అక్షరాలు వర్ణమాలలో సగమే. తక్కిన సగం మరొక జీవితంనుంచి వచ్చింది.

ఆ సగాన్ని తీసిపారెయ్యమని నా వాదన కాదు. భాషకు చరిత్ర వుంది, ఆ చరిత్ర పిల్లలకు చెందినదే. ప్రశ్న వరసకు సంబంధించినది. ఐదేళ్ల పిల్లవాడు పండితుల వర్ణక్రమంలోనే నడవాలా, తన చెవిలో వున్న మాటల క్రమంలో నడవాలా? అక్షరమాలను మొదటినుంచి చివరిదాకా వల్లె వేయించే పద్ధతిని వదిలి, తేలిక మాటలనుంచి అక్షరాలకు వెళ్లే పద్ధతి మన వాచకాల్లోకి ఎన్నడో వచ్చింది. 1832 నాటి పెద్దబాలశిక్షతో పోలిస్తే నేటి వాచకం చాలా దూరం నడిచింది. బొమ్మలు, పాటలు, ఆటలు వచ్చాయి. ఇది నిజమైన అభివృద్ధి. కాని ఆ తేలిక మాటలు ఎవరికి తేలిక? ఎవరి ఇంటి మాటలు అవి? ఈ ప్రశ్న మనల్ని మళ్లీ కొత్తవలసకు తీసుకువస్తుంది.

సేను – చేను

కొత్తవలస చుట్టుపక్కల కూలీనాలీ చేసుకొనేవాళ్ల ఇంట్లో పిల్లవాడు 'నేను' అనడు, 'నాను' అంటాడు. 'ఏమిటి' అనడు, 'ఏటి' అంటాడు. చేనును 'సేను' అనీ, చదువును 'సదువు' అనీ, నీళ్లను 'నీల్లు' అనీ అంటాడు. నాన్న 'అయ్య', అక్క 'అప్ప'. వాచకంలో రాగులు వుంటే అతనికి తెలిసినవి చోళ్లు. వాచకంలో సజ్జలు వుంటే అతనికి తెలిసినవి గంటెలు. చోడంబలి తాగి బడికి వచ్చిన పిల్లవాడు రాగుల బొమ్మ ముందు మూగవాడవుతాడు.

"చేను అనాలి, సేను కాదు" అని ఉపాధ్యాయుడు సరిదిద్దుతాడు. ఆయనలో దురుద్దేశం లేదు. ఆయన్నీ ఒకప్పుడు అలాగే సరిదిద్దారు. కాని భాషాశాస్త్రం తెలిసినవాడు ఇక్కడ తప్పును చూడడు, సూత్రాన్ని చూస్తాడు. పుస్తకంలో మాట మొదట చకారం వున్నచోట ఈ పిల్లవాడి నోట చాలా మాటల్లో సకారం వస్తుంది. ళకారం లకారమవుతుంది, ణకారం నకారమవుతుంది, మహాప్రాణం అల్పప్రాణమవుతుంది. ఇది నోరు తిరగకపోవడం కాదు. వరసగా, నియమంగా జరిగే మార్పు. ఈ నాలుగు సూత్రాలూ తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లవాడి మాటను మెట్టుగా వాడుకోగలడు: "నువ్వు సేను అంటావు, పుస్తకంలో దాన్నే చేను అని రాస్తారు." ఈ ఒక్క వాక్యంతో పిల్లవాడి చెవిలోని మాటా, పేజీమీది మాటా ఒకటవుతాయి. సూత్రాలు తెలియని ఉపాధ్యాయుడు "తప్పు" అంటాడు. ఆ మాటతో పిల్లవాడు నేర్చుకొనేది చకారాన్ని కాదు. తన అమ్మకు మాట్లాడటం రాదన్న సంగతిని.

యాస అనేది కేవలం ప్రాంతానికి సంబంధించిన విషయమని చాలామంది అనుకొంటారు. అదే కొత్తవలసలో ఉద్యోగస్తుల ఇళ్ల పిల్లలు చేననే అంటారు. వాళ్లకు వాచకం తమ ఇంటి పొడిగింపు. ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చొని ఒకే పేజీ తెరిచినా, ఒకడు చదవడం మాత్రమే నేర్చుకోవాలి. రెండోవాడు చదవడంతోపాటు మరొక మాటతీరును కూడా నేర్చుకోవాలి. ఏడాది చివర ఇద్దరికీ ఒకే పరీక్ష. రెండోవాడు వెనకబడితే "మొద్దు" అంటారు. వర్గభేదం పాఠశాలలో తెలివితేటల భేదంగా వేషం మార్చుకొనే తీరు ఇదే.

సగంలో ఆగిన పోరాటం

ఇలాంటి ప్రశ్నే వందేళ్లకు పైబడిన కిందట ఈ ప్రాంతంలోనే లేచింది. ఇరవయ్యో శతాబ్ది మొదటి దశకంలో ఉత్తర సర్కారుల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, తెలుగు పుస్తకాల్లోని భాష ఒకటి, జనం మాట్లాడే భాష మరొకటి అయినందుకు ఆశ్చర్యపడి కారణం అడిగాడు. ఆ ప్రశ్న విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌నూ, విజయనగరంలో గురజాడనూ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తినీ కలిపింది. ఉద్యమం మొదలైంది బడిపిల్లల చదువు గురించి. కావ్యభాష చర్చ తర్వాత వచ్చి చేరింది. మన సాహిత్య చరిత్రలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తాయి. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా విద్యార్థులు ఏ తెలుగులో రాయాలన్న విషయం మీదనే.

ఉద్యమం గెలిచింది. పత్రికల్లో గెలిచింది, కథలో, నవలలో గెలిచింది, చివరకు వాచకంలో కూడా గెలిచింది. కాని గెలిచినది ఏ వాడుక? గిడుగు దాన్ని శిష్ట వ్యావహారికం అన్నాడు. చదువుకొన్నవాళ్ల వాడుక అన్నమాట. గ్రాంథికం రాజ్యమేలుతున్న కాలంలో ఆ పాటి మాట అనడానికే గుండెనిబ్బరం కావాలి. ఆనాటికి అది విప్లవకరమైన అడుగు. తర్వాత పత్రికలు, రేడియో, సినిమా కలిసి ఆ శిష్ట వ్యావహారికాన్ని కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల విద్యావంతుల మాటతీరు చుట్టూ స్థిరపరిచాయి. ఉద్యమం పుట్టిన గడ్డమీది పల్లెల మాట ఆ ప్రమాణానికి వెలుపల మిగిలిపోయింది. వాడుక భాషా ఉద్యమం గురజాడ ఊరి మధ్యతరగతి ఇంటిదాకా వచ్చి, దాని పక్క వీధిలోని కూలివాడి గుమ్మం ముందు ఆగింది.

దీనివల్ల ఒక విచిత్రమైన వైరుధ్యం ఏర్పడింది. ఉత్తరాంధ్ర పలుకుబడిని రాచకొండ విశ్వనాథశాస్త్రి తెలుగు కథకు, నవలకు కొత్త బలంగా ఇచ్చాడు. 'యజ్ఞం' వున్న కథాసంపుటికి కాళీపట్నం రామారావు 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకొన్నాడు. ఇవి విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ. పాఠ్యాంశాలు. వాటిలోని జీవద్భాష మీద పరిశోధనలు జరుగుతాయి, డాక్టరేట్లు వస్తాయి. అదే మాట ఒకటో తరగతి పిల్లవాడి నోట వస్తే తప్పు. ఎం.ఏ.లో మాండలిక సౌందర్యం, ఒకటో తరగతిలో మొద్దుతనం. ఈ రెండు గదుల మధ్య ఎన్నడైనా రాకపోకలు వున్నాయా అని సాహిత్య విద్యార్థులు తమను తాము ప్రశ్నించుకోవాలి. విజయనగరం వాడే అయిన చాసో, 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో డబ్బులేక బడికి దూరమైన పిల్లవాడి దుఃఖం రాశాడు. ఈనాడు ప్రభుత్వ బడిలో పుస్తకాలు ఉచితం, మధ్యాహ్న భోజనం వుంది. పిల్లవాడు బడిలోపలే వున్నాడు. బడిలో కూర్చునే చదువుకు దూరమయ్యే పిల్లవాడి కథ ఇంకా సరిగ్గా రాయవలసి వుంది.

గిడుగు చేసిన రెండో పని

గిడుగును తలచుకొన్నప్పుడు మనం తెలుగు దగ్గర ఆగిపోతాం. ఆయన అంతకుముందే చేసిన పని మరొకటి వుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వుంటూ కొండల్లోని సవరల భాష నేర్చుకొన్నాడు. ఆ భాషకు వాచకాలు తయారుచేశాడు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాడు. ఆ శ్రమే 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా వెలువడింది. పిల్లవాడి దగ్గరకు భాష తెలుసుకొని వెళ్లాలి తప్ప, తన భాష వదిలి రమ్మని పిల్లవాణ్ణి పిలవకూడదన్న సూత్రం అందులో వుంది. తెలుగు శిష్టుల దగ్గర ఆగిపోయిన సూత్రం సవరల దగ్గర పూర్తిగా అమలయింది.

దాదాపు వందేళ్ల తర్వాత ప్రభుత్వం ఆ దారికి వచ్చింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్యా పథకం కింద సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒరియా, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో, మొదటి తరగతుల వాచకాలు వచ్చాయి. పిల్లవాడు తన భాషలో చదవడం నేర్చుకొని, మాట్లాడే తెలుగును పక్కనే నేర్చుకొంటూ, క్రమంగా తెలుగు చదువులోకి రావాలన్నది పద్ధతి. ఆ పుస్తకాల్లో కొండ వుంది, సంత వుంది, పోడు వుంది. ఆ పిల్లల భాష వేరని ఒప్పుకొన్నందువల్ల వారికి వంతెన కట్టాలని ఎవరికో తోచింది. కొత్తవలస కూలివాడి పిల్లవాడిది కూడా "తెలుగే" కాబట్టి అతనికి వంతెన అక్కరలేదనుకొన్నారు. భాష ఒకటే అన్న భ్రమ అతనికి నష్టంగా పరిణమించింది.

ఇంగ్లీషు పేజీ

ఈ లెక్క తేలకముందే మరో లెక్క మొదలయింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ప్రాథమిక స్థాయినుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెడుతూ జీవోలు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర హైకోర్టు వాటిని కొట్టివేసింది. మాతృభాషలో ప్రాథమిక బోధన గురించి రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, వీలైనంతవరకు బోధన మాతృభాషలో వుండాలన్న 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షను ఆ చర్చలో ముందుకు వచ్చాయి. ఎడమపేజీ ఒక భాషలో, కుడిపేజీ మరొక భాషలో వుండే జంటభాషల పుస్తకాలు ఆ తర్వాత బడుల్లోకి వచ్చాయి. తల్లిదండ్రులను అడిగితే అత్యధికులు ఇంగ్లీషే కోరారు.

ఈ కోరికను తప్పుపట్టే నైతిక హక్కు మనకు లేదు. తెలుగు రచయితల్లో, తెలుగు ఆచార్యుల్లో తమ పిల్లల్ని తెలుగు మాధ్యమంలో చదివిస్తున్నవారు ఎంతమంది? ఇంగ్లీషు కలిగినవాళ్ల చేతిలో ఆయుధంగా వున్నంతకాలం లేనివాడు దాన్ని అడుగుతాడు. అడగాలి కూడా. "వాళ్ల పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు తెలుగుతల్లా?" అన్న దళిత, బహుజన మేధావుల ప్రశ్నకు భాషాభిమానం జవాబు కాజాలదు.

జవాబు చదువు వచ్చే తీరులోనే వెతకాలి. పైన చెప్పిన పలక ఉదాహరణను మళ్లీ తలచుకోండి. చెవిలో వున్న మాట జవాబిచ్చినప్పుడే చదవడం వస్తుంది. చదవడమన్న విద్య ఒక్కసారే వస్తుంది. తెలిసిన భాషలో వచ్చినదాన్ని రెండో భాషకు మళ్లించవచ్చు. 1953లోనే యునెస్కో నిపుణుల నివేదిక మొదటి చదువు మాతృభాషలో సాగాలని చెప్పింది. ఇంగ్లీషు బాగా రావాలని కోరేవాడే మొదటి మూడేళ్లు పిల్లవాడి మాటలో చదవడం గట్టిపడాలని కోరాలి. తెలుగుపేజీయే అర్థంకాని పిల్లవాడికి ఎదుటి పేజీలో ఇంగ్లీషు వుండటం వల్ల ఒక సందేహం రెండు సందేహాలవుతుంది. జంటపేజీల పుస్తకానికి మరో పేజీ అవసరం వుంది: సేనుకూ చేనుకూ మధ్య పేజీ. దాన్ని ఎవరూ అచ్చువేయలేదు.

రెండు అభ్యంతరాలు

ప్రతి జిల్లాకూ ఒక వాచకం వేస్తే తెలుగు ముక్కలవుతుందని ఒక అభ్యంతరం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం తెలుగు రైతుల మాటల్ని జిల్లాలవారీగా ఒకచోట చేర్చింది. ఒకే పనిముట్టుకు ఊరికో పేరు వున్నదని చూపింది. దానివల్ల తెలుగు ముక్కలు కాలేదు. తెలుగు ఎంత పెద్దదో తెలిసివచ్చింది. 2014 తర్వాత తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో తెలంగాణ కవులకూ పలుకుబడికీ చోటు పెరిగింది. దానివల్ల అక్కడి పిల్లలకు ప్రమాణ భాష రాకుండా పోలేదు. పైగా ఇక్కడ అడుగుతున్నది అన్ని తరగతులకూ వేరే పుస్తకాలు కాదు. మొదటి రెండేళ్లలో ఆ ప్రాంతపు మాటలతో కూడిన చిన్న పఠన పుస్తకాలు, మూడో తరగతికి ప్రమాణ భాషలోకి నడిపించే పాఠాలు.

యాసను నేర్పితే పేదపిల్లలు ఎప్పటికీ యాసలోనే వుండిపోతారని రెండవ అభ్యంతరం. ఇదే ప్రశ్న అమెరికాలో మిచిగాన్ రాష్ట్రపు ఆన్ ఆర్బర్ పట్టణంలో కోర్టుకెక్కింది. నల్లజాతి పేదపిల్లలు ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషును బడి లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వాళ్లకు చదవడం రావడం లేదని తల్లులు దావా వేశారు. 1979 జులైలో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్ వారి పక్షాన తీర్పు ఇచ్చాడు. నల్లవారి ఇంగ్లీషులో పాఠాలు చెప్పమని ఆ తీర్పు అనలేదు. ఆ పిల్లల మాటకు నియమాలున్నాయని ఉపాధ్యాయులు తెలుసుకోవాలనీ, ఆ జ్ఞానంతోనే వారికి ప్రమాణ ఇంగ్లీషు చదవడం నేర్పాలనీ అన్నది. సేను చేనుకు దారి అవుతుంది, అడ్డు కాదు. కాకపోతే ఆ దారి ఉపాధ్యాయుడికి తెలిసి వుండాలి.

రచయితలు చేయవలసిన పని

టాల్‌స్టాయ్ 1859లో తన ఊళ్లో రైతుల పిల్లలకు బడి పెట్టాడు. 'యుద్ధము–శాంతి' ముగించిన తర్వాత, 'అన్నా కెరనినా' మొదలుపెట్టకముందు, 1872లో అక్షరాభ్యాస వాచకం ప్రచురించాడు. 'కాకసస్ ఖైదీ' కథ ఆ వాచకం కోసం రాసినదే. రైతుబిడ్డ చెవికి పట్టేదాకా వాక్యాన్ని వడకట్టాడు. తెలుగులో బాలసాహిత్యానికి మంచి వారసత్వమే వుంది. గిడుగు సీతాపతి, చింతా దీక్షితులు, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు మొదలైనవారు పిల్లలకోసం రాశారు. సోవియట్ పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా మన ఇళ్లలోకి వచ్చి ఒక తరాన్నే పాఠకుల్ని చేశాయి. కాని అప్పుడప్పుడే చదవడం నేర్చుకొంటున్న కూలివాడి బిడ్డకోసం, ఆ బిడ్డ చెవిలో వున్న మాటలతో, మహాప్రాణాలూ జంట ఒత్తులూ లేకుండా ఎనిమిది పేజీల కథ రాయడం మనలో ఎందరు ప్రయత్నించారు? నాలుగు వందల పేజీల నవలకంటె అది కష్టమైన పని కావచ్చు. మన శక్తికి తగిన పరీక్ష కూడా అదే.

కొత్తవలస పిల్లలకు అలాంటి పుస్తకం ఒకటి రాయాలంటే వస్తువు కోసం వెతకనక్కరలేదు. ఊరి పేరులోనే వస్తువు వుంది. ఆమదాలవలస, జియ్యమ్మవలస, కొత్తవలస – ఈ ప్రాంతంలో 'వలస'తో ముగిసే ఊళ్లు లెక్కలేనన్ని. ఎక్కడినుంచో వచ్చి దిగినవాళ్లు కట్టుకొన్న ఊళ్లని ఆ పేర్లే చెబుతాయి. ఆ ఊళ్లనుంచే ఈనాడు జనం విశాఖకూ, హైదరాబాదుకూ, చెన్నైకీ పనికోసం వలసపోతున్నారు. మీ ఊరికి ఈ పేరు ఎందుకు వచ్చింది? మీ తాత ఎక్కడినుంచి వచ్చాడు? మీ అయ్య ఎక్కడికి వెళ్లాడు? ఈ మూడు ప్రశ్నలకు పిల్లలు తమ మాటలో చెప్పే జవాబులే చరిత్రపాఠం, భూగోళపాఠం, తెలుగుపాఠం. వాటిని రాసుకొని, పెద్ద అక్షరాలతో అచ్చువేసి, మళ్లీ ఆ పిల్లల చేతికే ఇస్తే వాళ్లకు చెవిలోని మాట పేజీమీద కనిపిస్తుంది.

మన సంఘాలు తలపెట్టదగిన పనులు మూడు కనిపిస్తున్నాయి. ఉత్తరాంధ్ర రచయితలు, అక్కడి ఉపాధ్యాయులతో కలిసి, మొదటి రెండు తరగతులకు పనికివచ్చే చిన్న పుస్తకాల మాల తయారుచేయాలి. ఉపాధ్యాయ శిక్షణలో ప్రాంతీయ భాషారూపాల నియమాలు పాఠంగా వుండాలని ప్రభుత్వాన్ని అడగాలి. ఈ నియమాలు భాషాశాస్త్రజ్ఞులు ఎప్పుడో రాసిపెట్టారు. బడిలోకి తెచ్చేవారే కావాలి. ఎం.ఏ. విద్యార్థులు సిద్ధాంత వ్యాసాల కోసం విషయాలు వెతుక్కొనేటప్పుడు, గడచిన యాభై ఏళ్ల ఒకటో తరగతి వాచకాలను ఒక వరసన పెట్టి, వాటిలో ఎవరి ఇల్లు, ఎవరి పని, ఎవరి మాట వున్నాయో లెక్కకట్టాలి.

విమర్శకులకు ఇంకో చిన్న పని వుంది. ఏటా జూన్‌లో బడులు తెరిచినప్పుడు కొత్త వాచకాలు పిల్లల చేతికి వస్తాయి. నవలకూ కవితాసంపుటికీ రాసినట్టే ఆ వాచకానికి కూడా మన పత్రికలో సమీక్ష రావాలి. రచయితల పేర్లు దానిలో అచ్చయి వుంటాయి. వారిని మెచ్చుకోవచ్చు, ప్రశ్నించవచ్చు. ఈ జూన్‌నుంచే మొదలుపెట్టవచ్చు.